ఆపరేటర్లు నేర్చుకోకుండా ప్రోగ్రామర్ కావడం ఎలా?

మొన్న మా అన్నయ్య కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్లస్ తీసి మైనస్ పెడతాడు, రన్ కొడతాడు. మైనస్ తీసి స్టార్ పెడతాడు, మళ్లీ రన్. ఏం చేస్తున్నావురా అంటే, "ఏదో ఒకటి తగుల్తుంది బాబాయ్" అన్నాడు. ఒళ్లు మండింది. కాసేపటికి, ఈ విద్య మా ఇంట్లో నాతోనే మొదలైందని గుర్తొచ్చింది. అందుకే పద్ధతిగా రాసిపెడుతున్నాను.

ఒకటి. సమానం గుర్తు ఒకటో తరగతి నుంచీ తెలిసిందే కదా, దాని గురించి చదవకండి. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ పండితుడు "సమానం" అని మాటిమాటికీ రాయలేక, ఒకే పొడవున రెండు సమాంతర గీతలు గీశాడు. అంతకంటే సమానమైనవి ఇంకేముంటాయన్నది ఆయన లెక్క. నాలుగు వందల ఏళ్లు మర్యాదగా బతికిన ఆ గుర్తుకు 1957లో ఫోర్‌ట్రాన్ కొత్త కొలువిచ్చింది: కుడివైపు విలువ తీసుకెళ్లి ఎడమవైపు డబ్బాలో వెయ్యడం. సి భాషలో పోల్చాలంటే ఆ గుర్తును రెండుసార్లు కొట్టాలి. మీరు ఒకసారే కొట్టండి, శ్రమ ఆదా.

నేను ఆదా చేశాను. సరిగ్గా 35 మార్కులు వచ్చినవాళ్లను చూపించమంటే, ఇఫ్‌లో "మార్కులు = 35" అని రాశాను. అది అడగలేదు, ఇచ్చేసింది! సున్నా కానిదేదైనా సికి నిజమే కాబట్టి, పరీక్షకే రానివాడితో సహా క్లాసంతా 35తో గట్టెక్కింది. "నిన్ను స్పాట్ వాల్యుయేషన్‌కి పంపాలిరా" అన్నారు ల్యాబ్ సారు.

2003 నవంబరులో ఎవరో లినక్స్ కెర్నల్ కోడ్ నకలులోకి ఇలాంటి లైనే దూర్చారు. చూడ్డానికి 'నువ్వు రూట్‌వా (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్‌వా)?' అని అడిగినట్టుంటుంది. నడిస్తే రూట్‌ని చేసేస్తుంది. అసలు ప్రతితో తేడా రావడంతో దొరికిపోయింది. వాళ్లు కావాలని రాశారు, నేను తెలియక రాశాను. కంప్యూటర్‌కి ఆ తేడా తెలీదు.

రెండు. బ్రాకెట్లు పిరికివాళ్లకు. 34, 36ల సగటుకు 34 + 36 / 2 అని రాయండి. 52 వస్తుంది. కుర్రాడు బాగుపడ్డాడనుకోండి.

మూడు. సిలో 71ని 2తో భాగిస్తే 35 వస్తుంది. ఆ అర మార్కు ఎక్కడికి పోయిందని అడక్కండి.

నాలుగు. పైథాన్‌లో 0.1 + 0.2 అంటే 0.30000000000000004. తప్పు మీది కాకపోయినా మీరే చేశారేమోనని భయపడండి, అలవాటవుతుంది.

అయిదు. ఐ++ + ++ఐ విలువెంతో బట్టీ పట్టండి. దీని ఫలితం ఇదీ అని సి ప్రమాణమే చెప్పలేదు. అయినా ప్రశ్నపత్రాల్లో నాలుగు ఆప్షన్లుంటాయి, ఒకదానికి మార్కూ ఉంటుంది.

ఇన్నేళ్లు ఈ తిండే తింటున్నా, అండ్, ఆర్ రెండూ ఒకే లైనులో వస్తే నాకు చెయ్యి ఆగిపోతుంది. బ్రాకెట్లు పెట్టి, చదివేవాళ్ల సౌకర్యం కోసమని జూనియర్లకు చెబుతుంటాను. సిలోనైనా పైథాన్‌లోనైనా ముందు అండే. ఇది రాసే ముందు చూసుకున్నాను.