నష్టం లేదనుకున్నాను

చిన్న సినిమాని ఇంట్లో చూస్తే ఎవరికీ నష్టం లేదని చాలాకాలం నమ్మాను. అది నా మూర్ఖత్వమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అమెరికాలో, మా రెడ్‌మండ్‌లో స్నేహితులందరిదీ ఒకటే పద్ధతి. పెద్ద హీరో సినిమా అయితే ప్రీమియర్‌కే వెళ్లాలి. ఇండియాలో గురువారం విడుదలంటే ఇక్కడ బుధవారం సాయంత్రమే చూసెయ్యాలి. చిన్న సినిమా అయితే మాత్రం ‘నెలలోపు ఓటీటీలో వస్తుందిలే’. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడి, బయట వాన కురుస్తుంటే ఈ మాట మరీ సబబుగా తోచేది. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు కొన్నాక నలుగురికీ ఇదే సలహా ఇచ్చాను.

2023 మార్చి 3న ‘బలగం’ అనే చిన్న సినిమా విడుదలైంది. వేణు యెల్దండి దర్శకుడు. అందులో కొమురయ్య తాత పోతే పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఆ ఇంట్లో పాత పంతాలన్నీ బయటపడతాయి. మార్చి 24కే అది అమెజాన్ ప్రైమ్ ఓటీటీలోకి వచ్చింది. అంతకుముందు మా చుట్టుపక్కల ఆడిందో లేదో కనుక్కోనైనా లేదు. ఇంట్లో ఆపుతూ, ఆఫీసు మెసేజ్‌లకి జవాబులిస్తూ, సగం ఒక రాత్రి, సగం మర్నాడు చూశాను. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకి ఏడుపొచ్చింది. ఆ దుఃఖం పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ రోజుల్లోనే తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, అదే సినిమాని జనం గుంపుగా కూర్చుని చూశారు. ఫోన్‌లో దొరుకుతున్న సినిమానే అది. అయినా పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారని కూడా వార్తలొచ్చాయి. సినిమాలో ఆ కుటుంబానికి కావలసింది కలిసి ఉండటమేనని పల్లె జనం గ్రహించారు. ఇంత సౌకర్యం మధ్య కూర్చున్న నాకు అది తట్టలేదు.

అంతకుముందు, 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి, థియేటర్‌లో విడుదలయ్యాక ఓటీటీకి ఎనిమిది వారాల గడువు ఉండాలన్నప్పుడు కూడా అది వాళ్ల వ్యాపారం గొడవ అనుకున్నాను. నాలాంటి ప్రేక్షకుడి వల్లే ఆ గొడవ వచ్చిందని గ్రహించలేదు. ఇక్కడి థియేటర్లు తొలి వారాంతంలో తెగిన టికెట్లను చూసే తర్వాతి వారం షోలు ఇస్తాయి. నేను ఓటీటీ కోసం ఆగిన ఆ వారాల్లోనే చిన్న సినిమా తెర పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత అలాంటి సినిమా కొనడానికి పంపిణీదారు వెనకాడతాడు. మంచి సినిమాలు ఇక్కడిదాకా రావని నేనే నిట్టూర్చేవాణ్ని. రాకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నా సలహా విన్న రెడ్‌మండ్ స్నేహితులకి ఇప్పుడు చెప్పేది ఇదే: పెద్ద సినిమాని ఇంట్లో చూసినా దానికి లోటు లేదు. పేరు తెలియని కొత్త దర్శకుడి సినిమా వస్తే మాత్రం మొదటి శనివారమే వెళ్దాం, ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్దాం.