కాళ్ళు చూసే మనిషి

దసరాకు ఆలూరులో బస్సు దిగే కొడుకుల్లో ఇతనొక రకం. హైదరాబాదులోనో బెంగళూరులోనో వీడియో గేముల స్టూడియోలో యానిమేటరు. మిగతావాళ్ళు దిగీ దిగగానే సెల్లు సిగ్నల్ వెతుక్కుంటే, ఇతను ఎనుము వెనక కాళ్ళు చూస్తూ నిలబడతాడు. మొహాలు గుర్తుండవు గానీ నడకలు మాత్రం మరిచిపోడు. సొంత చిన్నాయన పేరు అడిగితే, "అదే, కుడి మడమ ఈడ్చే ఆయన" అంటాడు.

"ఏం పని నాయినా నీది?" అని జేజి అడుగుతుంది.

"జంతువులను నడిపిస్తా జేజీ."

"ఎన్నుండాయి?"

"నూటెనబై రకాలు."

"మరి మేపు యాడ?"

అతని అసలు దుఃఖం ఆ నూటెనబైలోనే ఉంది. ఒక్క జంతువునైతే ఎవరైనా తీర్చిదిద్దుతారు. 2012లో 'ఈగ' సినిమాకు మకుట సంస్థవాళ్ళు పనిచేసిన సంగతి ఎత్తితే చాలు, "ఒక్క ఈగ! పుణ్యాత్ములు" అని నిట్టూరుస్తాడు. పైగా సినిమాలో కెమెరా దర్శకుడు చెప్పిన చోటే ఉంటుంది. గేములో ఆడేవాడు ఎటునుంచైనా చూస్తాడు, జంతువును గుట్ట ఎక్కిస్తాడు, గోడకేసి తరుముతాడు. ఎక్కడ చూసినా పాదం నేలకు అంటాలి. నడక ఒక వేగంలో, ఒళ్ళు ఇంకో వేగంలో సాగితే పాదాలు జారుతున్నట్టు కనబడి పరువు పోతుంది. 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో దాదాపు 200 రకాల జంతువులున్నాయని చెప్పేటప్పుడు అతని గొంతులో భక్తి, కడుపుమంట సమపాళ్ళలో ఉంటాయి.

కాబట్టి అప్పు తెస్తారు. కుక్క అస్థిపంజరాన్నే సాగదీసి తోడేలుకు, కుదించి నక్కకు తొడుగుతారు.

"అన్న చొక్కా తమ్మునికేసినట్టు" అంది జేజి. "చంకల కాడ పట్టేయదా?"

పట్టేస్తుంది. అతను ముద్ద మింగడం ఆపి ఆమెవైపు చూశాడు. స్టూడియోలో ఆ మాట తేల్చడానికి మీటింగులు పెడతారు.

దూరంగా ఉన్న జంతువుకు ఎముకలు తగ్గించి, నాలుగు ఫ్రేములకోసారి కదిలిస్తే కంప్యూటరుకు భారం తగ్గుతుందనీ, అంత దూరాన కాళ్ళెవరు చూస్తారనీ చెప్పబోతే, "కొనేవోడు చూస్తాడు. సంతలో నడిపిచ్చి చూడకుండా ఎవడు కొంటాడు?" అని అంతటితో ఆ చర్చ ముగించింది.

మధ్యాహ్నం పెరట్లో ఫోను నిలబెట్టి, నాలుగు కాళ్ళ మీద పాకుతూ తనను తానే వీడియో తీసుకుంటాడు. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. అమ్మ చూసి అరవలేదు. సాయంత్రానికి దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. అతను మారుమాట్లాడకుండా కట్టించుకున్నాడు. డెడ్‌లైనుకు పనికొస్తుందేమో.

ఆదోని బస్సును గొర్రెల మంద ఆపినప్పుడు మాత్రం అతనికి నిజమైన పండగ. డ్రైవరు హారను మోగిస్తుంటే ఇతను దిగి కాళ్ళు వీడియో తీస్తాడు. కాపరికి పాఠం కూడా చెబుతాడు: 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికా ఆయన మూడే సూత్రాలతో మందను కంప్యూటరులో నడిపించాడు. పక్కదానికి గుద్దుకోకు, పక్కవి పోయే దిక్కుకే పో, గుంపు విడవకు.

"నాలుగోది మరిసిపోయినాడే మీ దొర" అన్నాడు కాపరి. "శెనక్కాయ చేను కనపడితే ఆ మూడూ మరిసిపోతాయి."

ఇతను అది రాసుకుంటూ ఉన్నట్టుండి, "ఆ నల్లమూతిది, వెనక ఎడమ కాలు రెండు ఫ్రేములు ఆలస్యం" అన్నాడు. కాపరి దాన్ని పట్టి గిట్ట విప్పి చూస్తే తుమ్మముల్లు.

"పశువుల డాక్టరని ముందే చెప్పొచ్చు గదా సామీ!"

కాదు, బొమ్మలవాణ్ణని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మర్నాడు తెల్లారేసరికి వాళ్ళ ఇంటి ముందు మూడు మేకలు, ఒక కుంటి ఎద్దు, ఈననంటున్న ఎనుము. ఎనుము దగ్గర మాత్రం అతను చేతులెత్తేశాడు, అది తన డిపార్టుమెంటు కాదని. జేజి అప్పటికే మనిషికి ఇరవై రూపాయలు వసూలు చేసింది.