నాయనమ్మ కాళ్ళకు పోటీ వచ్చాను

బారసాల నాడు నన్ను చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు. లేత నీలం ప్లాస్టిక్కు ఒళ్ళు, నడుం చుట్టూ వలయం, పిల్లాడి కాళ్ళ మధ్యకు దిగే అడ్డకమ్మి, అడుగున నాలుగు రబ్బరు సక్షన్ కప్పులు. హైదరాబాదు మేనమామ ఆన్‌లైన్లో కొని తెచ్చాడు. ఇరవై ఒక్క రోజుల బిడ్డకు, మెడ కూడా నిలవని బిడ్డకు, కూర్చుని నీళ్ళు పోయించుకునే కుర్చీ! సొంతంగా కూర్చోగలిగే పిల్లలకే నేను పనికొస్తానని డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. డబ్బా అడుగు చదివే అలవాటు మనవాళ్ళకు ఎక్కడిది? రంగు బాగుందన్నారు, అటక మీద పెట్టారు.

ఐదో నెలలో సారెతో పాటు కారు డిక్కీలో ఎక్కి, ఒంగోలు నుంచి పర్చూరు అవతలి పల్లెకు వచ్చాను. 2022లో జిల్లాలు మారాక ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, నాయనమ్మను అడిగితే ఇప్పటికీ ప్రకాశమనే చెబుతుంది. చుట్టూ నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. నీళ్ళ కాగు కింద మండేది కూడా పత్తి కట్టే.

మర్నాడు పొద్దున్నే ఆమె మనవడికి నీళ్ళు పోస్తుంటే చూశాను. పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, కాళ్ళు బార్లా చాపి కూర్చుంది. పిల్లాణ్ణి పిక్కల మీద బోర్లా పడుకోబెట్టింది. ఎడమచేతి పక్కన నూనె గిన్నె, కుడిచేతి పక్కన పెసరపిండి, అందేంత దూరంలో నీళ్ళ బకెట్టు, భుజాన తువ్వాలు. వాడు జారితే పడేది ఆమె రెండు కాళ్ళ మధ్యకే. నేను అవమానపడ్డ మాట నిజం. అంతకన్నా మెత్తగా, వెచ్చగా, వాడి కదలిక తెలిసిన కుర్చీని ఏ కంపెనీ చేస్తుంది?

అయితే ఆ కాళ్ళ అసలు గొప్పదనం మెత్తదనంలో లేదు. పిల్లాడు కాళ్ళ మీదుండగా నాయనమ్మ లేవలేదు. ఫోను మోగినా, పాలవాడు పిలిచినా, పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు. అందుకే ఏం కావాలన్నా ముందే చేతికి అందేట్టు సర్దుకుని కూర్చుంటుంది. నాలో కూర్చోబెడితే మాత్రం మనిషి లేవగలదు. నన్ను కొనేవాళ్ళకు కనిపించే సుఖమూ అదే, నాలో ఉన్న ప్రమాదమూ అదే.

నావి ఉత్త మాటలు కావు. మాది స్నానపు తొట్టెల దేశాల్లో పుట్టిన జాతి. అక్కడ తొట్టెలో నీళ్ళు నింపి అందులో మమ్మల్ని అతికించి బిడ్డను కూర్చోబెడతారు. తువ్వాలు తెస్తాననో, తలుపు తీసొస్తాననో తల్లి క్షణం పక్కకు పోతుంది. ఆ క్షణంలో కప్పులు ఊడి మేం ఒరిగిపోతాం, లేదా కాళ్ళ సందుల్లోంచి బిడ్డ కిందికి జారతాడు, లేదా పైకెక్కి బయటికి పడతాడు. రెండంగుళాల నీళ్ళు చాలు. అరుపు ఉండదు, తపతపలాడిన చప్పుడూ ఉండదు. అమెరికాలో మాలాంటి కుర్చీల్లో వందకు పైగా పసివాళ్ళు పోయారు. 2000లో అక్కడి వినియోగదారుల సంఘాలు మమ్మల్ని నిషేధించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టాయి. నిషేధం రాలేదు గానీ, 2010లో తప్పనిసరి ప్రమాణం వచ్చింది: ఒరగకూడదు, కాళ్ళ సందులు బిడ్డ జారేంత వెడల్పు ఉండకూడదు, హెచ్చరిక కనబడేట్టు ఉండాలి. ఆ తర్వాత అక్కడ చాలా కుర్చీలు తొట్టె అంచును పట్టుకునే కొక్కెంతో వస్తున్నాయి. నాకా కొక్కెం లేదు. ఉన్నా ఈ ఊళ్ళో దేన్ని పట్టుకోను? ఇక్కడుండేది బకెట్టూ చెంబూ.

ఏడో నెల చివర పిల్లాడు ఏ ఆసరా లేకుండా కూర్చున్నాడు. కోడలు నన్ను దించి కడిగింది. నాయనమ్మ నన్ను పెరటి దొడ్లో మాచర్ల నాపరాళ్ళ మీద పెట్టి, రెండు చెంబుల నీళ్ళు పోసి, ఒక్క లాగు లాగింది. చేతిలోకి వచ్చేశాను. "ఇదేం పట్టే కోడలా, పిల్లిపిల్ల కూడా ఇంతకన్నా గట్టిగా పట్టుకుంటది" అంది. గరుకు రాయి మీద నా కప్పుల కిందికి గాలి దూరుతుంది, అంతే. ఒంగోలు ఇంట్లోనయినా ఇదే కథ. పెద్దవాళ్ళు జారి పడకుండా వేసిన గరుకు టైల్సు మీద నేను నిలవను. లోపలి స్నానాలగదిలో నున్నటి చీమకుర్తి నల్ల గ్రానైటు పరిచారు. అక్కడ అతుక్కున్నాను. నాయనమ్మ మూడుసార్లు గుంజి చూసింది. ఆనాటి నుంచి రోజూ పిల్లాణ్ణి దించే ముందు ఆ గుంజుడు తప్పలేదు. ఆ ఊరి బోరు నీళ్ళు ఉప్పనివి. నాలుగు రోజులు కడగకపోతే నేల మీదా, నా కప్పుల మీదా తెల్లటి చార పేరుకుంటుంది, పట్టు సడలుతుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

నేనున్నా ఆమె పీట మానలేదు. నా ఎదురుగా పీట వేసుకుని, ఒక చెయ్యి పిల్లాడి మీద ఉంచే పోసేది. తూములో వెంట్రుకలు అడ్డుపడితే నేల మీద నీళ్ళు నిలుస్తాయని ముందుగా జాలీ తీసి చూసేది. నిండు బకెట్టును వాడి చేతికి అందనిచ్చేది కాదు. పసివాడు తలకిందులైతే బకెట్టే బావి. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడని సామెత గానీ, ఆమె పద్ధతి తలకిందులు: ముందు చన్నీళ్ళు, వాటికి తోడు వేన్నీళ్ళు. తొలిపి, మోచెయ్యి ముంచి చూసి, గోరువెచ్చగా ఉంటేనే చెంబు ఎత్తేది. డాక్టర్లు చెప్పే 37, 38 డిగ్రీలు ఆ మోచేతికి తెలుసు. కరెంటు పోయిందని తెచ్చిన కట్టెల కాగైనా, హీటరు కడ్డీ పెట్టిన బకెట్టయినా గదిలోకి రానిచ్చేది కాదు. బయట తొలిపిన నీళ్ళే లోపలికి. ముక్కులో నూనె చుక్కలు వేయొద్దని ఆసుపత్రిలో చెప్పారని కోడలు అంటే మాత్రం కొన్నాళ్ళు మూతి ముడిచింది. తర్వాత మానేసింది. సాంబ్రాణి పొగ మానడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఈ ప్రాంతంలో నా డబ్బా మీద రాయని హెచ్చరిక ఇంకొకటుంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంటిల్లిపాదీ మిరప కల్లంలో ఉంటారు. తాలుకాయలు ఏరి వచ్చిన చేతుల్ని సబ్బుతో కడిగినా మంట ఒక పట్టాన వదలదు, ఆ కారం నీళ్ళలో కరగదు మరి. ఆ చేతులు పిల్లాడి కళ్ళకు తగిలితే ఊరంతా వినబడేట్టు ఏడుస్తాడు. అందుకే కల్లం నుంచి వచ్చినవాళ్ళు ముందు చేతులకు నూనె రుద్దుకుని, ఆ తర్వాత సబ్బు పెట్టి కడుక్కోవాలి. కల్లంలో తలకు చుట్టిన తువ్వాలు దండెం మీద వేరుగా ఉండాలి. పంట రోజుల్లో నాయనమ్మ ఒంటిపూట కల్లానికి పోయేది, నీళ్ళపోత మాత్రం పొద్దున్నే కానిచ్చేది.

పదో నెలలో పిల్లాడు నా వలయం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాయనమ్మ వాణ్ణి ఎత్తుకుని, "ఇక దీని పని అయిపోయింది" అని నన్ను ఆ పూటే బయట పెట్టింది. లేచి నిలబడడం, పాకి ఎక్కడం నేర్చినవాణ్ణి నేను ఆపలేను. పైగా వాడి బరువు ఒక పక్కకు పడితే నేనే ఒరుగుతాను.

మొన్న పక్కింటి కోడలు వచ్చి నన్ను అడిగింది.

"అత్తా, ఆ కుర్చీ మా పాపకు ఇస్తావా? ఊరికే పడుంది గదా."

"ఎన్నో నెలమ్మాయ్?"

"ఐదు."

"కూర్చుంటందా?"

"దిండ్లు ఆనిస్తే కూర్చుంటది."

"అట్టయితే కూర్చునేది దిండ్లు గదంటే, పాప కాదు." నన్ను తిరగేసి నా కప్పుల్ని బొటనవేలితో నొక్కి చూసింది. ఎండకు గట్టిపడిపోయాయి. "దీని రబ్బర్లు కూడా పొయినయ్. రేపు పొద్దున పాపను తీసుకురా, నీళ్ళు నేను పోస్తా. నువ్వు పక్కన కూర్చుని చూడు. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి రా."