గాబ్లిన్లకు నీళ్లెవరు మోస్తారు?

"మామా, మూడో అంతస్తు ఇంకా ఖాళీగానే ఉంది. ఎవర్ని పెట్టాల?"

పొద్దున ఉగ్గాని నోట్లో పెట్టుకునే వేళకు ఈ ప్రశ్న. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు ఇదే ప్రశ్న. రాత్రి కరెంటు పోతుంది గానీ ప్రశ్న పోదు. అడిగేది మా అక్క కొడుకు. బెంగళూరు ఉద్యోగాన్ని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆదోనికి వచ్చేశాడు. పగలంతా కంపెనీ పని చేస్తాడని మా అక్క నమ్మకం. రాత్రయితే మాత్రం వాడికి అసలు పని మొదలవుతుంది. కోట గీస్తాడు, గదులు గీస్తాడు, గదికొక రాక్షసుణ్ణి కాపురం పెడతాడు. బెంగళూరులో ఇద్దరు, హైదరాబాదులో ఒకడు, ఎమ్మిగనూరులో ఒకడు, మొత్తం నలుగురు వీరులు ఎవరి మంచం మీద వాళ్లు కూచుని ఫోన్లలోంచి ఆ కోట మీదికి దండెత్తుతారు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు 1974లో పుట్టించారు. నోటితో కథ నడపాలి, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పాచిక కనికరిస్తే కత్తి తగులుతుంది, లేకపోతే గాలిలో తిరుగుతుంది. కథ నడిపేవాడు డంజన్ మాస్టరు. ఇంట్లో పాల ప్యాకెట్టు తెమ్మంటే దిక్కులు చూసేవాడికి, అక్కడ ఒక సామ్రాజ్యం అప్పగించారు.

ఆడుకోనీ, నాకేం పోయింది? పేకాటలో పొలం పోగొట్టుకున్నవాళ్లను చూసినవాణ్ణి, పాచికలకు బెదరను. నా బాధంతా వాడు ఎంచుకున్న కోట గురించి. అది మా ఆదోని కోట. ఐదు కొండలను చుట్టుకుని, బండల మీద బండలు పేర్చినట్టుండే కోట. అందులోకి వాడు దింపుతున్న జనాభాను చూస్తుంటే నాకు కడుపు మండుతోంది.

వాడి దగ్గర మాన్‌స్టర్ మాన్యువల్ అని ఒక లావుపాటి పుస్తకం ఉంది. మొదటి కూర్పు 1977 నాటిదట. గాబ్లిన్లు, కోబోల్డులు, ఓర్కులు, ఓగర్లు, ఇనుము కనిపిస్తే తుప్పు పట్టించి తినే పురుగు, గుడ్లగూబ తలకు ఎలుగుబంటి ఒళ్లు తగిలించిన జంతువు. ఈ చివరి రెండూ ఎలా పుట్టాయో వాడే చెప్పాడు. గైగాక్స్ గారి చేతికి హాంకాంగ్‌లో చేసిన చవక ప్లాస్టిక్ బొమ్మల సంచి ఒకటి దొరికింది. ఏ జంతువులో పోల్చుకోలేని ఆ బొమ్మలకు తలా ఒక పేరు పెట్టి, తలా ఒక గుణం అంటగట్టాడు. అంతే, యాభై ఏళ్లుగా ప్రపంచమంతా వాటిని చూసి హడలిపోతోంది. ఆ లెక్కన ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఒక్క సంచి బొమ్మలు కొంటే మనకు ఏడు కోటలు నిండుతాయి కదరా అన్నాను. వాడు నవ్వలేదు. నోటు చేసుకున్నాడు.

సరే, వాళ్ల దయ్యాలు వాళ్లవి. కానీ పుస్తకం తిప్పుతుంటే ఒక పేజీలో మనవాడు తగిలాడు. రాక్షసుడు! పేరు అదే. బొమ్మ చూద్దును కదా, పులి తల, ఒంటి మీద దొరవారి అంగీ, నోట్లో పొగతాగే పైపు. తర్వాతి పుస్తకాల్లో చేతులు కూడా తిరగబడ్డాయి, అరచేయి ఉండాల్సిన చోట చేతి వెనకభాగం. పురోహితుడు మంత్రించిన బాణం తగిలితే చస్తాడట. ఇదంతా ఏ పురాణంలో ఉందిరా అంటే, 1974లో అమెరికా టీవీలో వచ్చిన దయ్యాల సీరియల్ చూసి రాసుకున్నారట. 1957లో మాయాబజార్‌లో ఎస్వీ రంగారావును చూసిన జాతికి ఈ పులితలకాయను రాక్షసుడని చూపిస్తారా? ఘటోత్కచుడి ముందు నిలబెడితే ఈ పైపు మనిషిని గుమస్తా అనుకుని టీ తెమ్మంటాడు.

అసలు చిరాకు ఇక్కడ మొదలైంది. గైగాక్స్ 1979లో ది కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్ అని ఒక సాహసం రాశాడు. అందులో ఒకే లోయ, ఆ లోయ నిండా గుహలు. ఒక గుహలో కోబోల్డులు, పక్కనే ఓర్కులు, ఎదురుగా గాబ్లిన్లు, కాస్త ఎగువన ఓగరు, ఇంకాస్త లోపల ఎద్దు తల మనిషి. మావాడికి అదే భగవద్గీత. ఆదోని కోటనూ అలాగే నింపుతున్నాడు, గదికొక జాతి. నేను ఒకే ఒక్క మాట అడిగాను. వీళ్లకు నీళ్లెవరు మోస్తారు?

"మామా, ఇది ఫ్యాంటసీ."

ఫ్యాంటసీలో దాహం వెయ్యదా? మొదటి అంతస్తులో అరవై గాబ్లిన్లు అన్నావు. పొట్టివాళ్లే కాబట్టి మనిషికి ఒక్క బిందె చాలు. అరవై బిందెలు. వంటకు, స్నానానికి (చేస్తారనే అనుకుందాం) ఇంకో అరవై. రెండో అంతస్తులో ఓగరు. తొమ్మిదడుగుల మనిషి, గుక్క పట్టాడంటే డ్రమ్ము ఖాళీ. మెట్ల మీదుగా ఈ నీళ్లు పైకి ఎవరు చేరుస్తారు? గాబ్లిన్లలో ఆడవాళ్లా? అయితే బిందెల వరసలో గాబ్లినమ్మకూ ఓర్కమ్మకూ గొడవ రాదా? మా వీధిలో కొళాయి వచ్చిన రోజు నాలుగిళ్లవాళ్లం పళ్లు కొరుక్కుంటూ నిలబడతాం. అందరం ఒకే జాతి, ఒకే భాష, పండగకు ఒకరింటి బొబ్బట్లు ఒకరు తిన్నవాళ్లం. అయినా బిందె ముందుకు జరిపినవాడి మీద చూపులతోనే కత్తులు దూస్తాం. అలాంటిది ఏడు జాతులు, అందరికీ కోరలు, చేతిలో గొడ్డళ్లు. నీ నలుగురు వీరులు కోట ఎక్కేదాకా ఎందుకు, నీళ్ల దగ్గరే అందరూ అయిపోతారు.

వాడు పాచిక పక్కన పెట్టాడు. "కోటలో చెరువు పెడతా."

పెట్టు. ఆ చెరువుకు నీళ్లెక్కడివి? వానా? మాది వాన కురిస్తే పదిమందికీ చెప్పుకునే సీమ. కాలువా? తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. దిగువ కాలువ హోస్పేట దగ్గర బయల్దేరి, బళ్లారి జిల్లా అంతా పలకరించుకుంటూ మా దగ్గరికి వచ్చేసరికి దానికే గొంతు ఎండిపోతుంది. పోనీ డ్యామైనా భద్రంగా ఉందా అంటే, 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. ఏ డ్రాగనూ రాలేదు, ఏ మంత్రగాడూ చదవలేదు. గొలుసు తెగింది. నీ పుస్తకంలో గొలుసు అనే రాక్షసుడున్నాడా? లేడు. నీళ్లు లేని కోటను ఫిరంగితో కొట్టక్కర్లేదు, బయట కూచుని ఎండాకాలం కోసం ఎదురుచూస్తే చాలు. పాత రాజులకు ఆ సంగతి తెలుసు గనకే రాంజల చెరువును కాపాడుకున్నారు. నువ్వేమో గెలాటినస్ క్యూబు పెడతానంటావు.

ఈ క్యూబు సంగతి చెప్పాలి. పదడుగుల నలుచదరపు జిగురు ముద్ద. సొరంగాల్లో గోడకూ గోడకూ సరిగ్గా సరిపోయి, దారిలో ఉన్న చెత్తాచెదారం, ఎముకలు, పడుకున్న సిపాయిలు, అన్నీ కరిగించుకుంటూ నెమ్మదిగా పోతుంది. వెనక నేల అద్దంలా మెరుస్తుంది. పుస్తకం మొత్తంలో పనికొచ్చే జీవి ఇదొక్కటే. దీన్ని కోటలో ఎందుకు దాస్తావు, కాలువల్లో వదలరా అని బతిమాలాను. పడుకున్న సిపాయిల విషయం తర్వాత చూసుకుందాం.

ఇక ఎమ్మిగనూరు పిల్లవాడు. ఆటలో నాకు నచ్చినవాడు వాడొక్కడే. రెండో అంతస్తులో ఎద్దంత సాలెపురుగు ఎదురైతే మిగతా ముగ్గురూ కత్తులు తీశారు. వాడు మాత్రం "ఆ నూలు ఎంత నంబరు?" అని అడిగాడట. మాచాని సోమప్ప 1938లో చేనేతకారులకు సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం చప్పుడు జోలపాటగా విన్న కొంపలో పుట్టినవాడు నూలును చూడకుండా కాళ్లు లెక్కపెడతాడా? నెలకు నాలుగు మేకలు తెచ్చిస్తాం, నూలు మాకివ్వు అని బేరం పెట్టాడు. మా డంజన్ మాస్టరుకు ఏం చెయ్యాలో తోచక పాచిక వేశాడు. సాలెపురుగు ఒప్పుకుంది. ఆ రాత్రి నుంచి రెండో అంతస్తులో ఏ గొడవా లేదు. మిగతా గదుల్లోని జీవాలన్నీ తలుపు తీసేదాకా చీకట్లో కత్తి పట్టుకుని నిలబడి ఉంటాయి. దీనికి మాత్రం పనుంది, రావలసిన మేకలున్నాయి, పొద్దు గడిచే దారి ఉంది.

అదే వాడికి చెప్పాలని చూశాను. కోటలో ఎన్ని రకాల కొమ్ములున్నాయని ఎవడు చూస్తాడు? ఎవరికి ఎవరితో పడదు, ఎవరు ఎవరికి బాకీ, ఎవడు ఎవడి వాటా తిన్నాడు, అది తెలిస్తే కోట దానంతటదే నిండుతుంది. ఆదోని కోటకు ఈ పుస్తకం అవసరమే లేదు. విజయనగరం వాళ్లు కూచున్నారు. తళ్లికోట తర్వాత బీజాపూరు వాళ్లు వచ్చారు. వాళ్ల తరఫున ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్, ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. 1688లో ఔరంగజేబు సైన్యం ఆయన చేతుల్లోంచి లాక్కుంది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, ఆయన కొలువులో ఫ్రెంచి సిపాయిలు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో కుంఫిణీ వాడికి దక్కింది. ఇన్ని జాతులు, ఇన్ని పగలు, ఇన్ని భాషల్లో బూతులు. ఏ పాచిక వేస్తే వస్తుంది ఇంత?

రాక్షసులే కావాలంటే దేవరగట్టుకు పో. ఆదోనికి ఎంతో దూరం లేదు. మణి, మల్లాసురులనే ఇద్దరు రాక్షసులను మాళమల్లేశ్వరుడు చంపాడని కథ. పోయేముందు వాళ్లు ఏటా నరబలి కావాలని అడిగారట. చివరికి పిడికెడు రక్తానికి రాజీ కుదిరింది. నేటికీ దసరా రాత్రి కర్రలు, దివిటీల నడుమ ఉత్సవం సాగుతుంది, గొరవయ్య పిడికెడు రక్తం అర్పిస్తాడు. కర్రల సమరంలో ఏటా తలలు పగలడం నాకేమీ నచ్చదు, అది వేరే సంగతి. కానీ చచ్చిపోతూ కూడా బేరమాడి, బాకీ ఏటేటా వసూలు చేసుకుంటున్న రాక్షసులు! పైపు తాగే పులి ఎక్కడ, వీళ్లెక్కడ?

ఆ దసరా అయ్యాకనే మా పడమటి మండలాల్లో ఇంకో బయల్దేరడం ఉంటుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల్లో ఇంటికి తాళం వేసి, మూటా ముల్లె, పిల్లలతో సహా గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. బడిలో హాజరు పట్టీ ఉంటుంది, పిల్లలుండరు. అరుగు మీద ముసలామె ఉంటుంది, పలకరిస్తే ఎవరు నాయనా నువ్వు అంటుంది. అలాంటి ఒక పల్లెలోంచి వస్తూ బస్సులో ఉండగా ఫోను మోగింది. మూడో అంతస్తు ఖాళీగా ఉంది మామా అని. వాడి కోటలో ఒక్క గది ఖాళీగా ఉంటే వాడికి నిద్ర పట్టదు. వాణ్ణి ఏమని తిట్టను? వాడూ పోయినవాడే, కాకపోతే ఏసీ బస్సులో పోయాడు. కంపెనీ పిలిచిన రోజు మళ్లీ పోతాడు.

ఆ సాయంత్రం వాడితో ఏమీ అనలేదు. మూడో అంతస్తులో కొరివిదయ్యాన్ని పెట్టు, దీపం ఖర్చు మిగులుతుంది అన్నాను. పెట్టాడు. నాలుగో అంతస్తుకు బ్రహ్మరాక్షసుడు కుదిరాడు, చదువుకున్నవాడు, లెక్కలు రాస్తాడు. ఐదోది ఇంకా ఖాళీ.

కాబట్టి చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఊరి చింతచెట్టు మీదో, పాడుబడ్డ బావిలోనో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే వివరాలు రాసి పంపండి. పేరేమిటి, ఏం తింటారు, ఎవరితో పడదు, ఇంతే. పులితలలకు, పైపులకు మా కోటలో చోటు లేదు.