కథ రాయకుండా కథకులవడం

కథలు రాయాలని ఉందన్నవాళ్లకు ‘రాయండి మరి’ అని చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. వాళ్ల మాట విని పాడైపోకండి. రాయడం మొదలుపెడితే మనకెంత వచ్చో మొదటి పేజీలోనే తేలిపోతుంది. మొదలుపెట్టనంత కాలం మీరు గొప్ప రచయితే. ఆ హోదా జారిపోకుండా ఏం చేయాలో చెబుతాను.

రోజూ ఒకే వేళకి కూర్చుని, వచ్చినా రాకపోయినా ఓ పేజీ రాయాలనే చాదస్తం ఒకటుంది. అది గుమాస్తాల పని. మీరు మూడ్ కోసం ఆగండి. వచ్చినట్టనిపిస్తే వెంటనే టేబుల్ సర్దండి, కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చి మొదటి పేజీలో కలంపేరు రాయండి, దాని కింద రెండు గీతలు కొట్టండి. ఆపాటికి టీ వేళవుతుంది. టీ తాగుతూ ఫోన్ చూస్తే చాలు, మూడ్ తనంతట తనే పోతుంది. రేపు మళ్లీ వస్తుంది లెండి.

ఎవరైనా నిలదీస్తే పెద్దల పేర్లు వాడుకోవాలి. కారా మాస్టారు మాత్రం ఎన్ని రాశారండీ అనండి. ఆ కొద్దిలోనే 1964లో ‘యువ’లో వచ్చిన ‘యజ్ఞం’ ఉంది కదా అని అవతలివాడంటే, మాట మార్చేయండి. విశ్వనాథ ‘వేయిపడగలు’ అంతటి నవలని నెల తిరక్కుండా తమ్ముడికి చెప్పి రాయించారంటారు. అంటే నవలకి కావలసింది తమ్ముడన్నమాట. మీకు చెల్లెలే ఉంటే, అందుకే నవల ఆగిపోయిందని చెప్పుకోవచ్చు. అంత నవల నోటికి రావాలంటే అంతకుముందు ఎన్నేళ్లు ఏమేం చదివి ఉండాలన్న ప్రశ్న మనకెందుకు?

ఎత్తుగడ దగ్గర గురజాడని అస్సలు అనుసరించకండి. 1910లో ‘దిద్దుబాటు’ రాస్తూ ఆయన, మొగుడు రాత్రివేళ ఇంటికొచ్చి తలుపు తీయమని పిలవడంతోనే కథలోకి దిగిపోయారు. సూర్యోదయం లేదు, పక్షుల కిలకిల లేదు. మీరు తూర్పు దిక్కు ఎర్రబడటంతో మొదలుపెట్టి, పాలవాడు, పేపరువాడు వచ్చి వెళ్లాక, హీరోని తీరిగ్గా నిద్ర లేపి అద్దం ముందు నిలబెట్టండి. అద్దంలో ముక్కూ మొహం వర్ణించేసరికి మూడు పేజీలు గడుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పాఠకుణ్ణి నమ్మకపోవడం. మీరిలా రాశారనుకుందాం: ‘ఈ పండక్కి రాలేనని అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేశాడు. సరేలే నాయనా అంది సుబ్బమ్మ. ఫోన్ పెట్టేసి లోపలికెళ్లి, వాడి కోసం అటక మీంచి దింపించిన పరుపుని మళ్లీ చుట్టింది.’ ఇలా వదిలేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఆమె బాధపడిందని రాయలేదే! కాబట్టి ఇలా దిద్దండి: ‘ఆ మాతృహృదయం తల్లడిల్లిపోయింది. కన్నీరు కట్టలు తెంచుకుంది. డాలర్ల మోజులో మానవ సంబంధాలు మృగ్యమైపోతున్నాయని సుబ్బమ్మ ఆలోచించసాగింది.’ పరుపు కొట్టేయండి, దానివల్ల సమాజానికి సందేశం లేదు. సుబ్బమ్మకి మృగ్యం అన్న మాట ఎలా తెలుసని అడిగేవాణ్ణి ఈర్ష్యాపరుల్లో వేయండి. ఇంకా అనుమానంగా ఉంటే పక్కింటి రిటైర్డు మాస్టారిని తీసుకొచ్చి, కథ నీతిని ఆయన చేత రెండు పేరాల్లో చెప్పించండి. ఆయన పని అదే, అది అవగానే వెళ్లిపోవచ్చు.

యాస విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది పనిమనిషికీ, ఆటోవాడికీ, రౌడీకీ మాత్రమే ఇవ్వాలి. హీరో శ్రీకాకుళంలో పుట్టినా సిద్దిపేటలో పుట్టినా పేపరు భాషే మాట్లాడాలి. రావిశాస్త్రి విశాఖలో వకీలుగా ఉంటూ, సాక్షులూ నిందితులూ పోలీసులూ మాట్లాడే తీరునంతా పట్టుకుని ‘ఆరు సారా కథలు’ రాశారు. అలా వినడం మొదలుపెడితే మన గొంతు తగ్గించుకోవాల్సి వస్తుంది. బస్సులో పక్క సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఆడపడుచు పెళ్లి గురించి మాట్లాడుకుంటుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

చదవడం గురించి ఒక్క మాట: ప్రభావం పడుతుంది, వద్దు. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నిటినీ ఒక చోట చేర్చే పని తలకెత్తుకున్నారు. వెళ్లండి, ఫొటో దిగండి, అల్మరా తెరవకుండా వచ్చేయండి.

తిరగరాయడం అంటే మొదట రాసింది బాలేదని ఒప్పుకోవడమే. అంత అవమానం ఎందుకు? గడువు తేదీ రాత్రి ఏకబిగిన రాసి, అక్షరదోషాలైనా చూడకుండా పోటీకి పంపేయండి. యూనికోడ్‌లో అడిగితే అను ఫాంట్స్‌లో పంపండి, అక్కడివాళ్లకి కాస్త పని ఉండాలి. కథ సొంతమనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం రాసి, దాన్నే నాలుగు పత్రికలకీ జతచేయండి. పద్మరాజుగారి ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఓ తుఫాను రాత్రి, ఓ రైల్వే స్టేషను, ఓ పెద్దమనిషి, ఓ బిచ్చగత్తె, అంతే సరంజామా. మూడు తరాలూ రెండు దేశాలూ పెట్టుంటే మొదటిదే వచ్చేదేమో. మీకు ఏ బహుమతీ రాకపోతే మాత్రం తప్పు కథది కాదు, న్యాయనిర్ణేతల కులం కనుక్కోండి.

ఇంకా సందేహాలుంటే నాకు ఫోన్ చేయండి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది మధ్య చేస్తే మరీ మంచిది, నేను రాయడానికి కూర్చునేది అప్పుడే.