ఎలిజా కథ

ఇది ఎలిజా అనే కంప్యూటరు ప్రోగ్రాము కథ. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ దీన్ని రాసి, బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మాలియన్’లో నాగరికుల మాటతీరు నేర్చుకునే పూలమ్మే పిల్ల పేరు పెట్టాడు.

ఎలిజాకు మాటల అర్థం తెలియదు. ఎదుటి మనిషి తనకు తండ్రి అంటే భయమని ఇంగ్లీషులో టైపు చేస్తే, అది ‘తండ్రి’ అన్న మాటను పట్టుకుని, స్క్రిప్టులో, అంటే ఏ మాట కనబడితే ఏ మూసలో బదులివ్వాలో రాసి ఉంచిన పట్టీలో వెదికి, కుటుంబం గురించి ఇంకా చెప్పమంటుంది. రోగి మాటనే రోగికి తిప్పి అడిగే కార్ల్ రోజర్స్ తరహా మానసిక వైద్యుడికి లోకజ్ఞానం లేనట్టు కనబడినా చెల్లుతుంది గనుక ఆ పట్టీకి ‘డాక్టర్’ అనే వేషం కట్టారు.

పనితీరు విప్పి చెబితే మాయ కూలిపోతుందని వైజెన్‌బామ్ 1966 నాటి వ్యాసంలో రాశాడు. అయితే ఆ ప్రోగ్రాము తయారవడాన్ని నెలల తరబడి దగ్గరుండి చూసిన అతని కార్యదర్శే, దానితో నాలుగు మాటలు నడిచాక, అతన్ని గదిలోంచి వెళ్ళమని కోరింది. యంత్రం లోగుట్టు తెలియడం వేరు, సొంత బాధకు బదులు వస్తున్నప్పుడు ఆ తెలివిడి నిలవడం వేరు. ఇలాంటి ప్రోగ్రాములతో రోగులకు చికిత్స చేయవచ్చని కొందరు మానసిక వైద్యులు సైతం అనడంతో కలతపడిన వైజెన్‌బామ్, 1976లో అందుకు ఎదురు నిలుస్తూ పుస్తకమే రాశాడు.

ఎలిజాకు తీరని నొప్పి మరొకటి. వ్యాసంతో పాటు స్క్రిప్టు అచ్చయింది గాని, దాన్ని నడిపించే అసలు కోడు అచ్చు కాలేదు. ఇతరులు వేరే కంప్యూటరు భాషల్లో రాసిన నకళ్ళు ఎలిజా పేరుతోనే ఊరూరా తిరిగాయి. మనసెరిగినదని మెచ్చుకున్నవారూ, వట్టి చిలకపలుకులని తీసిపారేసినవారూ చాలావరకు ఆ నకళ్ళను చూసే తీర్పు చెప్పగా, అన్నిటికంటే నిక్కమైన వివరణ అనదగిన కోడు ప్రింటు తీసిన కాగితాలుగా, ఎం.ఐ.టి. భాండాగారపు పెట్టెల్లో, అడిగేవారు లేక దశాబ్దాలు పడి ఉంది.

2021లో ఆ పెట్టెల్లో ఒకటి తెరిస్తే ఆ కోడు దొరికింది. 2024 డిసెంబరులో, ఐ.బి.ఎం. 7094 అనే ఆనాటి కంప్యూటరును అనుకరించే సాఫ్ట్‌వేరుపై ఎలిజా మళ్ళీ నడిచింది. మొదటి స్క్రిప్టులో ఉన్నట్టే కుశలమడిగి, బాధేమిటో చెప్పమంది.