డబ్బాలోని చీటీకి టీకా తాత్పర్యము

మూలము:
“మా అత్తగారి బస్రా ముత్యాలు పదకొండు. శంకు గాజు ఒకటి. కడగొద్దు.”

అవతారిక: నకరికల్లులో మా పెద్దమ్మ బీరువా పై అరలో, పౌడరు డబ్బా అడుగున దొరికిన చీటీ ఇది. గ్రంథకర్త్రి పెద్దమ్మే. పాల లెక్కల నోటుపుస్తకంతో పోల్చి చేతిరాత ఆమెదేనని తేల్చాము. ఆవిడ మొన్న మాఘంలో కాలం చేసింది గనుక అడగడానికి వీల్లేదు, వ్యాఖ్యానమే దిక్కు. చీటీ వెనక 1966 నాటి క్యాలెండరు ఉంది. కాబట్టి రచన అంతకు ముందుది కాదు. అది కాయితం వయసు. ముత్యం వయసు ముత్యాన్నే అడగాలి.

ప్రతిపదార్థము.

మా: ఈ ఒక్క అక్షరం మీద ఇంట్లో రెండు రోజులు వాదం నడిచింది. “మన” అనలేదు, “మా” అన్నది. అంటే చదివేవాళ్లను కలుపుకోలేదు, కోడళ్లకు వాటా లేదని ఆడపడుచు వ్యాఖ్య. వ్యాకరణం ఆమె పక్షాన ఉంది. బీరువా తాళం పెద్ద కోడలి పక్షాన ఉంది.

అత్తగారి: షష్ఠీ విభక్తి. కాలనిర్ణయానికి ఇంత పనికిరాని మాట ఇంకోటి లేదు. పెద్దమ్మ నోట అవి వాళ్ల అత్తగారివి. ఇప్పుడు కోడళ్ల నోటా అత్తగారివే. నగ ఎప్పుడూ ఒక తరం వెనకే నిలబడుతుంది. ఊరికి మాత్రం సొంత శకం ఒకటుంది: “సాగరు నీళ్లు రాకముందు”. నాగార్జునసాగర్ కాలవకు నీళ్లు వదిలింది 1967లో. అంతకు ముందు కొన్నదంతా పాతది, తర్వాతదంతా కొత్తది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్విన పండితులు మట్టి పొరలను బట్టి కాలం చెప్పారు. మన డబ్బాలో ఉన్న పొర ఒక్కటే, పౌడరుది.

బస్రా: “బస్తా” అని పాఠాంతరం. సిరా అలుక్కుపోవడం వల్ల మనవరాలు అలా చదివి, బస్తా ఎక్కడుందని అటకెక్కి వెతికింది. బస్రా అన్న పాఠమే గ్రాహ్యం. బస్రా ఇరాక్‌లో రేవుపట్నం. ముత్యాలు పుట్టింది అక్కడ కాదు; బహ్రెయిన్, కువైట్ వైపు గల్ఫు సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లు ఏరుకొచ్చిన ఆల్చిప్పల్లో. పల్నాటి చేలో పండిన మిరప గుంటూరు మిరప అయినట్టే ఇదీ. జపాన్‌లో మికిమొతో కోకిచి 1893లో ఆల్చిప్ప చేత అర్ధగోళపు ముత్యం పెట్టించాడు. 1920లలో గుండ్రటి కల్చర్డ్ ముత్యాలు బజారుకెక్కాయి. తర్వాతి పదేళ్లలో గల్ఫు ముత్యాల వేట కుదేలైంది. వేట పోయినా పేరు పోలేదు. కాబట్టి “బస్రా” అన్న మాట విని కాలం చెప్పరాదు.

ముత్యాలు: పూర్వపక్షం పెద్ద కోడలిది. “పంటికేసి రుద్దితే గరగరలాడాయి, ఇంకేం కావాలి?” అని. ఖండన: కల్చర్డ్ ముత్యమూ గరగరలాడుతుంది, పైపూత దానికీ ఆల్చిప్ప పోసిందే గనుక. పన్ను పట్టించేది గాజుపూసనూ ప్లాస్టిక్‌నూ మాత్రమే.

సిద్ధాంతం బెజ్జంలో ఉంది. నరసరావుపేటలో ఆచారి గారు దారం తెంచి, పదకొండిటినీ నల్లగుడ్డ మీద పోసి, ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టారు. పాత ముత్యం తూకానికి అమ్ముడయ్యేది; తొలిచిన పొడి అంతా నష్టమే. అందుకని బెజ్జం వెంట్రుకంత సన్నం. తొమ్మిదింటికి అలాగే ఉంది, ఏ రెండూ ఒక్క తీరున గుండ్రంగా లేవు. మిగిలిన రెండూ ఒక అచ్చులో పోసినట్టున్నాయి. బెజ్జం వెడల్పు. లోపలికి చూస్తే అంచు చుట్టూ సన్నని నల్లగీత, గీత దాటితే సున్నంలా తెల్లటి గుండు. గీతకు ఇవతలిది ముత్యపు పొర; అవతలిది మంచినీటి ఆల్చిప్ప గుల్ల చెక్కి చేసిన విత్తనం. అలాంటి విత్తనాలకు గుల్ల చాలాకాలం అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతం నుంచి వెళ్లేది. అనగా ఈ రెండూ ప్రక్షిప్తాలు. తొమ్మిదింటి విషయంలోనూ సన్న బెజ్జం సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. తీర్పు చెప్పాల్సింది ఎక్స్‌రే.

పదకొండు: లెక్క సరిపోయింది. అంటే ప్రక్షిప్తాలు చీటీ రాసేనాటికే దండలో ఉన్నాయి. తెలిసి కూడా అన్నిటికీ కలిపి “బస్రా” అని రాసిన గ్రంథకర్త్రి ధైర్యం మెచ్చదగినది.

శంకు గాజు ఒకటి: ఇందులో వివాదం లేదు. చెంపకు ఆనిస్తే చల్లన. ప్లాస్టిక్‌కు ఉండే అచ్చు అతుకు లేదు. రంపంతో చేత్తో కోసినది గనుక వెడల్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. లోపలివైపు శంఖం చుట్టు తిరిగినచోట ఏటవాలు గీత వేలికి తగులుతుంది. కాలం మాత్రం అడగొద్దు. శాతవాహనుల నాటి దిబ్బల్లోనూ శంఖపు గాజులు దొరికాయి, బెంగాల్ పెళ్లికూతుళ్లు ఇప్పటికీ తొడుగుతున్నారు. ఆకారం పెద్దగా మారలేదు.

కడగొద్దు: ముత్యమూ శంఖమూ పిడుగురాళ్ల సున్నపురాయికి దాయాదులే, అన్నీ కాల్షియం కార్బనేటే. పులుపు తగిలితే తినేస్తుంది. సంక్రాంతికి పూజసామాన్లతో పాటు మధ్య కోడలు దండలో ఒక కొసను చింతపండు గుజ్జుతో తోమింది. కొసనున్న ముత్యం నిగారింపు పోయి, సున్నం ఉండలా మిగిలింది. అది సన్న బెజ్జం తొమ్మిదింటిలోది.

చీటీ చూడలేదా అంటే చూశానంది. “గాజు ఒకటి” అన్న వెంటనే “కడగొద్దు” అని ఉంది గనుక, నిషేధం గాజుకే అన్వయిస్తుందని ఆమె అన్వయం. గాజును ఆమె ముట్టుకోలేదు.